దక్షిణామూర్తిగారి ఏడో అభ్యంతరం

అశోక్‌నగర్ దక్షిణామూర్తిగారు కొత్తగా వచ్చిన నవలని చదివి ఊరుకోరు. కొలుస్తారు.

కొలవడమంటే నిజంగానే, టేపూ గడియారమూ పట్టుకుని. ముప్పై నాలుగేళ్ళు సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాక, కొలవడానికి పొలాలు లేక ఆయన నవలల మీద పడ్డారు. హాస్యమా, ప్రేమా, డిటెక్టివా, థ్రిల్లరా అన్న పట్టింపు లేదు. పుస్తకం కొత్తదై ఉండాలి, కథ మన పేటల్లోనే ఎక్కడో జరగాలి. అంతే, పుస్తకం చంకన పెట్టుకుని ఆ చోటికి వెళ్ళి, అందులో రాసినట్టు జరగడం సాధ్యమో కాదో స్వయంగా తేల్చుకుంటారు. తేలినదాన్ని అంకెలు వేసి, పైన 'అభ్యంతరాలు' అని గీత కొట్టి, రచయితకు పోస్టులో పంపిస్తారు.

ఫణికిరణ్ అనే అతను రాసిన థ్రిల్లర్లో హీరో నారాయణగూడ మెట్రో మెట్లు దిగి, ఆటో ఎక్కి, నాలుగు నిమిషాల్లో కాచిగూడ స్టేషన్లో రైలందుకుంటాడు. దక్షిణామూర్తిగారు చిక్కడపల్లిలో ఆటో నడిపే ఈదయ్యను పిలిపించి, మెట్ల కింద సిద్ధంగా ఉండమన్నారు. మన వెనక నలుగురు దుండగులు తరుముతున్నారనుకుని పోనివ్వమని కూడా చెప్పారు. పాలమూరు నుంచి వచ్చి ఇరవయ్యేళ్ళుగా ఆటో తోలుతున్న ఈదయ్య చెప్పిన పని శ్రద్ధగా చేసే మనిషి. ఆ నలుగురూ వస్తున్నారేమోనని మాటిమాటికీ వెనక్కి చూస్తూ రెండు గ్రీన్ సిగ్నళ్ళు వదిలేశాడు. పంతొమ్మిది నిమిషాలు పట్టింది. 'మీ హీరోని ఒక పావుగంట ముందు బయల్దేరదీయండి, అంత తెలివైనవాడికి ఆ మాత్రం తోచదా' అని ఫణికిరణ్‌కి ఉత్తరం వెళ్ళింది.

ప్రేమ నవలల పరిశోధనలో ఆయనకు తోడు భార్య ఆదిలక్ష్మిగారు. ఒక నవలలో జంట హిమాయత్‌నగర్ నుంచి చిక్కడపల్లి దాకా జోరువానలో ఒకే గొడుగు కింద, ఒక్క చినుకు మీద పడకుండా నడిచి వస్తారు. జులైలో మంచి వాన చూసుకుని దంపతులిద్దరూ అదే దారిన వచ్చారు. ఆయన కుడి భుజం, ఆమె ఎడమ భుజం పూర్తిగా తడిసినట్టు నోట్‌బుక్కులో నమోదైంది. ఆవిడ తుమ్ముతూనే నాకీ సంగతి చెప్పారు. "పెళ్ళయి నలభయ్యేళ్ళు. ఇన్నాళ్ళకి నాతో సమానంగా అడుగేసి నడిచారు. అదీ ఎవరో రాసిన నవల కోసం."

హాస్యానికి మాత్రం టేపు చాలదు. 'పొట్ట చెక్కలు కావడం ఖాయం' అని అట్ట మీద వేసిన పుస్తకాన్ని ఆయన కావాలనే గ్రంథాలయంలో, పోటీ పరీక్షలకు చదివే పిల్లల మధ్య కూర్చుని చదివారు. నవ్వొచ్చినా ఆపుకోవలసిన చోట కూడా బయటపడిందే అసలైన నవ్వని ఆయన సిద్ధాంతం. చిరునవ్వులు పదకొండు, పైకి వినబడ్డ నవ్వులు ఆరు అని లెక్క తేలింది. వాటిలో ఒకటి పక్కనాయన గురక వల్ల వచ్చిందని నిజాయితీగా కొట్టేశారు.

ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. ఆయనెవరో తెలియక ముందే ఆయన ఉత్తరం అందుకున్నదాన్ని నేను.

మూడేళ్ళ క్రితం నా మొదటి డిటెక్టివ్ నవల వచ్చింది. వచ్చిన సంగతి నాకూ, అచ్చువేసినాయనకీ, మా అమ్మకీ తెలుసు. నాలుగు నెలలు ఎదురు చూశాను. బాగుందని కానీ, బాగులేదని కానీ ఎవరూ ఒక్క మాటనలేదు. మిగిలిపోయిన ప్రతులు మంచం కిందికి చేరాయి. రెండో నవలకి రాసుకున్న ముప్పై పేజీలు బీరువాలో అడుగున పెట్టేసి, ఇక రాయకూడదనుకున్నాను. ఏడవలేదు కూడా. ఎవరూ అడగని పని మానేస్తే ఏడుపెందుకు?

అప్పుడు వచ్చింది పదకొండు పేజీల ఉత్తరం.

నా నవలలో గాంధీనగర్ అపార్ట్‌మెంట్లో పట్టపగలు మూడు గంటలకు ఒక ప్లీడరు హత్యకు గురవుతాడు. ఆ వేళకి తాను చిక్కడపల్లి మార్కెట్లో సొరకాయ కొంటున్నానని హంతకుడు సాక్ష్యం చూపిస్తాడు. మార్కెట్ వెనక సందులోంచి నడిస్తే గాంధీనగర్‌కి పదకొండు నిమిషాలేనని నా డిటెక్టివ్ పట్టేస్తుంది. నవల మొత్తం ఆ సందు మీద నిలబడి ఉంది.

మొదటి ఆరు అభ్యంతరాలూ చిన్నవి. ఫలానా వీధిలో వేపచెట్టు ఎడమవైపు కాదు, కుడివైపు ఉంది, అలాంటివి. ఏడోది ఇలా ఉంది: 'మీరు చెప్పిన సందు చివర ఎనిమిదడుగుల గోడ ఉన్నది. అటునుంచి గాంధీనగర్‌కు దారి లేదు. కనుక మీరు ఒక అమాయకుడిని జైలుకు పంపారు. దయచేసి ఆయనను విడుదల చేయగలరు.'

నా ఒళ్ళు మండిపోయింది. ఆ సందులో నేను మూడుసార్లు నడిచాను. గడియారం చూసుకుంటూ నడిచాను. ఆదివారం పొద్దున్నే ఉత్తరం మీద అడ్రసు పట్టుకుని కాచిగూడ నుంచి అశోక్‌నగర్ వెళ్ళాను. తలుపు తీసిన పెద్దాయనకు నమస్కారం కూడా సరిగా పెట్టకుండా, సందు ఉందని, గోడ లేదని, వెంటనే వచ్చి చూడమని అన్నాను.

ఆయన ఏమీ నొచ్చుకోలేదు. చెప్పులేసుకుని వచ్చారు. మార్కెట్లో మాత్రం ఆగి, హంతకుడి చేతిలో రెండు కిలోల సొరకాయ ఉండాలి కదా అని అడిగి, అంత బరువున్నది దొరికేదాకా నాలుగు బుట్టలు వెతికి కొన్నారు. దాన్ని నాచేత మోయించారు. హంతకుడు మీవాడు కదమ్మా అన్నారు.

సందు ఉంది. గోడ లేదు. సొరకాయతో సహా పదకొండు నిమిషాల పది సెకన్లు. ఆయన అక్కడే నిలబడి నోట్‌బుక్కు తీసి 'రచయిత్రిదే ఒప్పు' అని రాసి, కింద సంతకం చేసి, తేదీ వేశారు.

"గోడ ఉందని ఎట్ల రాసిన్రు సార్?" అన్నాను, కోపం ఇంకా దిగక.

"పొరపాటే," అన్నారాయన. తర్వాత ఆ సందులోకి తెరుచుకున్న ఒక వంటింటి కిటికీ వంక చూసి, "ఆ మూడు గంటలప్పుడు ఈ కిటికీలో ఎవరైనా నిలబడి ఉంటే ఏం చూసేవారమ్మా?" అని అడిగారు.

ఇంటికొచ్చినా ఆ కిటికీ నన్ను వదల్లేదు. వారం తిరక్కుండానే బీరువా తెరిచి ఆ ముప్పై పేజీలూ చించేసి, కిటికీలో నిలబడ్డ మనిషితో మొదలుపెట్టాను. ఆ రెండో నవల నిరుడు వచ్చింది. ఈసారి జనం చదివారు. నెల తిరిగేసరికి మళ్ళీ అచ్చు వేశారు. పొగిడినవాళ్ళున్నారు, తిట్టినవాళ్ళున్నారు. దక్షిణామూర్తిగారి ఉత్తరం మాత్రం రాలేదు.

ఇంకో మూడు వారాలు చూసి, ఆయనకు ఒంట్లో బాగులేదేమోనని బెంగపడి బయల్దేరాను. ఎక్కిన ఆటో ఈదయ్యది. సారు బాగానే ఉన్నాడని, మొన్న కూడా టేపు పట్టుకుని తిరిగాడని చెప్పాడు. మరి నా పుస్తకం చదవలేదా అని అడిగాను.

"రొండుసార్ల సదివిండు మేడం. మీ మొదటి పుస్తకానికైతే నన్ను శాన పరేషాన్ జేసిండు. ఈమెకు యాడ నొక్కితే కోపమొస్తది ఈదయ్యా అని అడిగిండు. నాకేమెర్క సార్, సదివింది మీరు గదా అన్న. అప్పుడు ఆ సందులకు పోయి, ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిరిగొచ్చి, గోడ ఉన్నదని రాస్తా అన్నడు."

ఆయనింటికి వెళ్ళి, లేని గోడ ఎందుకు కట్టారని సూటిగా అడిగాను. దక్షిణామూర్తిగారు ఆదిలక్ష్మిగారి వంక చూశారు. ఆవిడ, ఇక చెప్పేయమన్నట్టు తలాడించారు.

"మా శాఖలో నేర్చుకున్నదమ్మా," అన్నారాయన. "తప్పులేని మ్యాపు పంపితే ఏళ్ళ తరబడి ఉలుకూ పలుకూ ఉండదు. ఒక్క తప్పుందంటే మర్నాడే జవాబు. మొదట్లో కొత్తవాళ్ళకి మీ పుస్తకం చాలా బాగుందని రాసేవాణ్ణి. థాంక్స్ అని ఒక ముక్క వచ్చేది. వాళ్ళు మళ్ళీ నవల రాసేవారు కాదు. తప్పని రాస్తే కొట్లాటకొస్తారు. తన సందు కోసం కొట్లాడిన మనిషి రాయడం మానదు."

"ఈసారి నాకెందుకు రాయలేదు సార్?"

"నీకిప్పుడు చదివేవాళ్ళున్నారు. నేను ఎవరూ లేనివాళ్ళకి రాస్తాను."

కోప్పడదామని చూశాను, కుదరలేదు. బల్ల మీద కొత్త పుస్తకం ఉంది. రాగిణి అనే అమ్మాయి రాసిన మొదటి ప్రేమ నవల. ఐదు నెలలైందట, ఎవరూ పలకరించలేదట. చిన్నవి ఆరు దొరికాయి కానీ ఏడోది తోచడం లేదని, రాసేదానివి కాబట్టి నీకు తెలుస్తుందని ఆయన పుస్తకం నా చేతిలో పెట్టారు.

రెండు రోజుల్లో చదివాను. అశోక్‌నగర్ మూలమీద పొద్దున ఏడింటికి, ఇడ్లీ బండి ఆవిరిలోంచి ఆ అబ్బాయి మొహం ఆ అమ్మాయికి మొదటిసారి కనబడుతుంది. దాని మీదే రాగిణి రెండు పేజీలు రాసింది. ఎన్ని పొద్దులు అక్కడ నిలబడి చూసి ఉంటే అలా రాస్తుందో నాకు తెలుసు. మర్నాడు ఏడింటికి నేనూ వెళ్ళి బండి దగ్గర నిలబడి, రెండు ఇడ్లీలు తిని, అటునుంచి అటే దక్షిణామూర్తిగారింటికి వెళ్ళాను.

"ఆవిరిలోంచి మనిషి మొహం ఆనవాలు పట్టడం అసాధ్యమని రాయండి సార్."

"కనబడుతుందా?" అన్నారాయన కలం తీస్తూ.

"మంచిగ కనబడ్తది. ఇప్పుడే చూసొచ్చిన."

ఆయన తృప్తిగా ఏడు అంకె వేశారు.

తర్వాతి ఆదివారం మేం ముగ్గురం వరండాలో కూర్చున్నాం. తొమ్మిదిన్నరకి వీధిలో ఒక స్కూటీ ఆగింది. గేటు ధడాలున తెరుచుకుంది. ఆదిలక్ష్మిగారు కాఫీకి పాలు పెట్టడానికి లోపలికి వెళ్ళారు.

"మంచి కోపమే," అన్నారు దక్షిణామూర్తిగారు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.