కారు ప్లగ్గులో అత్తమ్మ హీటర్

పోయిన డిసెంబరులో నేను, మా ఆయన, పాప, అత్తమ్మ ఎలక్ట్రిక్ కారులో వెళ్లి హంపీ చూసి జహీరాబాద్‌కు తిరిగి వస్తున్నాం. డ్రైవింగ్ నాదే. చివరి రాత్రి కలబురగి దగ్గరి పల్లెలో అత్తమ్మ చెల్లెలింట్లో ఆగి, వరండాలోని ప్లగ్గుకు కారును చార్జింగ్ పెట్టి పడుకున్నాను.

పొద్దున చూస్తే బ్యాటరీ సగం కూడా లేదు.

"చలికి వేన్నీళ్లు పోసుకుందామని ఆ వైరు తీసి హీటర్ పెట్టిన బిడ్డా. మళ్ల పెట్టుడు మర్శిన" అన్నారు అత్తమ్మ.

మా ఆయనకు మధ్యాహ్నం షిఫ్టు. ఆగే వీల్లేదు. దారిలో చార్జర్ ఉందన్న ధైర్యంతో బయల్దేరాను. తీరా వెళ్తే అది పనిచేయడం లేదు. కర్ణాటక సరిహద్దు దాటేసరికి కారులో ఎర్రలైటు వెలిగింది. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఇంజినీరైన మా ఆయన ముఖం పాలిపోయింది.

"ఇగ కాదు, క్రేన్ పిలుస్త" అని ఫోన్ తీశారు.

"ఫోన్ జేబులో పెట్టుకోండి" అన్నాను.

కారులో హీటర్ ఆపేసి, అత్తమ్మనూ పాపనూ దుప్పట్లు కప్పుకోమన్నాను. నెమ్మదిగా పోతే చార్జింగ్ తక్కువ ఖర్చవుతుంది. ముందు చెరకు లోడు ట్రాక్టరు పోతోంది. దాని వెనకే, దాని నడకనే పోనిచ్చాను. లారీలు హారన్లు కొడుతూ దాటిపోతున్నా పట్టించుకోలేదు. మా గేటులోకి తిప్పేసరికి బ్యాటరీలో రెండు శాతం మిగిలింది.

నా డ్రైవింగ్ మీద నాకెప్పుడూ అనుమానం లేదు. నమ్మకం లేనిది ప్లగ్గుల మీదే. ఇప్పుడు ఏ చుట్టాలింటికెళ్లినా ప్లగ్గు దగ్గర అత్తమ్మే కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఎవరైనా ఇస్త్రీపెట్టెతో అటు వస్తే చెయ్యి అడ్డం పెడతారు.

"కారు తాగుతుంది. జర ఆగున్రి."