రెండు గంటల పాట

మూడుసార్లు "నీ గొంతు పనికిరాదు పో" అనిపించుకుని, నాలుగోసారి బిస్కెట్ల ప్యాకింగ్ షెడ్డులో మైకు సంపాదించింది పెద్దకోడలు. అదేమీ చిన్న గెలుపు కాదు. భోజనాలయ్యాక, రెండు గంటలకు, కళ్ళు మూతలుపడే వేళ ఒక మనిషి పాడాలి. ఆ తాళానికి నలభైమంది డబ్బాలకు మూతలు నొక్కాలి. ఆ షెడ్డు పద్ధతి అది.

పదకొండేళ్ళు ఆమె ఒకే పాట పాడింది. రైలెక్కి పోతున్న పిల్ల ఇంట్లోవాళ్ళకు టాటా చెప్పే హుషారు పాట, ఒకప్పుడు ప్రతి రేడియోలోనూ మోగిన పాట. ఒళ్ళు కాలిపోతున్నా పాడింది. అత్తగారు పోయిన నాలుగో రోజున వచ్చి పాడింది. ఉత్తమ కార్మికురాలిగా రెండుసార్లు గోడగడియారం గెలిచింది. నాలుగో తరగతి దాటని మనిషి సాధించినవివి.

ఈ వేసవిలో గొంతు పట్టేసింది. మైకు పరాయివాళ్ళ చేతికిపోతే మళ్ళీ రాదన్న భయంతో, పక్కబల్ల దగ్గర పనిచేసే తోటికోడలినే నిలబెట్టింది.

"నా పాటే పాడు. నీ సొంత తెలివి చూపించకు."

"అంత స్పీడుగా పాడితే నాకు ఊపిరాడదక్కా."

"అయితే మెల్లగా ఏడు. ఒక్కరోజేగా!"

చిన్నది నిజంగానే మెల్లగా పాడింది. "నాకోసం చూడకండి" అన్నచోట చేతులన్నీ ఆగిపోయాయి. రోజూ గంతులు వేయించిన మాట అదే. ఒకామె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అరవడానికి వచ్చిన సూపర్‌వైజరు గోడకేసి తిరిగి ముక్కు చీదుకున్నాడు.

రేపు తాను పాడితే అన్నీ సర్దుకుంటాయనుకుంది పెద్దకోడలు. మర్నాడు గొంతు పెగిలింది, పాడింది. ఒక్క మూతా తాళానికి పడలేదు.

"ఆపు తల్లీ! శవం ముందు డాన్సు చేసినట్టుంది," అంది లేబుళ్ళామె.

"ఇన్నేళ్ళూ అర్థం తెలియకుండానే అరిచిందంటావా?" అంది ఇంకొకామె.

"తెలిస్తే అలా ఎగిరేదా!"

షెడ్డు గొల్లుమంది. ఆమె పంతంకొద్దీ గొంతు పెంచింది. తీరా ఆ మాట దగ్గరకొచ్చేసరికి చెవిలో తోటికోడలి గొంతే మోగింది. పాటలో ఎవరో వెళ్ళిపోతున్నారని పదకొండేళ్ళలో తొలిసారి తోచింది. నోరు తెరుచుకునే ఉంది, పాట మాత్రం రాలేదు.

"గొంతు బాగాలేదు, రెండు వారాలు ఇంట్లో ఉండు," అన్నాడు సూపర్‌వైజరు.

"గొంతు బాగానే ఉంది సార్."

"పాటే బాగాలేదు మరి. నీ చెల్లెలు పాడితే పది నిమిషాలు ఏడ్చినా, ఆ తర్వాత తలెత్తకుండా పనిచేశారు. మైకు ఆమెకే. నువ్వు వచ్చాక లేబుళ్ళు అంటించు."

"నువ్వైనా చెప్పవే!" అని తోటికోడలి వైపు తిరిగింది.

చిన్నది మైకు స్టాండును తన ఎత్తుకు దించుకుంటోంది. "నేనేం చెప్పనక్కా? మెల్లగా ఏడవమన్నది నువ్వేగా."

సాయంత్రానికల్లా గేటు దగ్గర బోర్డుమీద సెలవు చీటీ అంటించారు. పెద్దకోడలు తిరిగి పనిలో చేరవలసిన రోజు జూన్ పదిహేడు, సోమవారం.