గొంతు పెంచని మా మేనత్త

కోపం వచ్చేకొద్దీ మా మేనత్త గొంతు తగ్గేది. చీపురుపల్లి బజారులో చేపలమ్మే ఆడవాళ్లందరికీ ఆవిడే పెద్ద. ఒకరోజు, వాసనొస్తోందంటూ ఒక షావుకారు తన కొట్టు ముందున్న నా చేపల గంపను తన్నేశాడు. మావాళ్లు అతన్ని వీధిలోకి లాగి నా కాళ్లు పట్టిస్తామన్నారు. ఒకామె సెల్‌ఫోన్‌లో వీడియో మొదలుపెట్టింది.

“ఫోను దించే. ఆ బాబు పెళ్లాం, పిల్లలు సూస్తన్నారు. ఆయన పరువు తీసేస్తే మన పరువు తిరిగొచ్చేస్తాదేటే?” అంది అత్త, మెల్లగా.

ఒక్కర్తే కొట్టులోకి వెళ్లి అతని ఎదుట నిలబడింది. “బాబూ, మీకీ కొట్టెంతో మాకా గంపంతే. మీరు తన్నింది మా కూడుని.”

షావుకారు తనే బయటికొచ్చాడు. పుట్టాక చేప ముట్టని ఆ మనిషి, దుమ్మంటిన చేపలన్నీ ఏరి గంపలో వేసి, దాన్ని తన కొట్టు నీడలోనే పెట్టాడు.