దస్తీ ఖో

నల్గొండ దగ్గర ఒక సర్కారు బడిలో నేను వ్యాయామ టీచర్‌గా ఉన్నప్పుడు, ఎనిమిదో తరగతిలో ఆటిజం ఉన్న ఒక అమ్మాయి ఉండేది. ఖోఖోలో వెనక నుంచి వీపు తట్టి ఖో అనగానే కూర్చున్నవాళ్లు లేచి పరుగెత్తాలి, తట్టినవాళ్లు ఆ జాగాలో కూర్చోవాలి. ఈ అమ్మాయి మాత్రం చెయ్యి తగలగానే చెవులు మూసుకుని ముడుచుకుపోయేది.

"ముట్టుకుంటె దానికి పడదు మేడం. ఇంట్ల నన్నే దగ్గరికి రానియ్యదు," అంది వాళ్లమ్మ.

రూల్సు పుస్తకాన్ని పక్కన పడేశాను. ఆ అమ్మాయికి ఖో ఇవ్వాలంటే ముట్టుకోకుండా, అరవకుండా, ఆమె ముందు చేతిరుమాలు వెయ్యాలన్నాను. దస్తీ పడితే చాలు, లేచి ఉరికేది. పిల్లలకు తొందరగానే అలవాటైంది. ఇదేం ఆట అని నవ్వింది స్టాఫ్‌రూంలో వాళ్లే.

తర్వాత నాకు నందికొండకు బదిలీ అయింది. వీడ్కోలు రోజు శాలువా కప్పారు, చాలాసేపు మాట్లాడారు. నాకు ఏడుపూ రాలేదు, సంతోషమూ లేదు. వేరే ఎవరి సభకో వచ్చినట్టు కుర్చీలో కూర్చుని ఉన్నాను.

వెనక నుంచి నా ఒళ్లో ఒక దస్తీ పడింది. నేను దాన్నే చూస్తూ ఉండిపోయాను.

"మేడం, మీకు ఖో ఇచ్చింది. లెవ్వుండ్రి," అన్నారు ముందు వరసలో పిల్లలు.

లేచాను. ఆ అమ్మాయి నావైపు చూడకుండా వచ్చి నా కుర్చీలో కూర్చుంది. ఎటు పరుగెత్తాలో తెలియక నేను అక్కడే నిలబడ్డాను.