లెక్కలు మింగిన పీరియడ్

డెబ్భైల మొదట్లో ఖానాపూర్ దగ్గర ఒక హైస్కూల్లో క్రాఫ్టు సారుగా చేరాను. అంటే పిల్లలకు వడ్రంగం నేర్పేవాణ్ణి. మా బాపు కూడా వడ్రంగే. నాగళ్లు చెక్కీ చెక్కీ ఆయన చేతులు కాయలు కాచాయి. అదే పని నేను సర్కారు జీతం మీద చేస్తున్నానని కాస్త టెక్కు కూడా ఉండేది నాకు.

బడి వెనక రేకుల షెడ్డు మా గది. ఫారెస్టు డిపోలో పనికిరావని పడేసిన టేకు ముక్కలు తెచ్చుకునేవాళ్లం. ఎనిమిదో తరగతిలో ప్రతివాడూ ఒక పీట చేయాలి. కాళ్లు కుదరక మొదటి పీట ఎప్పుడూ ఊగేది. ఊగినా సరే, తీసుకెళ్లి ఇంట్లో అవ్వకే ఇవ్వాలని నా రూలు. తెల్లారి "అవ్వ కూసున్నదా?" అని అడిగేవాణ్ణి. "కూసున్నది సారూ, పడ్డది" అన్నాడొకడు. షెడ్డంతా నవ్వు. ఆ నవ్వు కోసమే బడికి పోయేవాణ్ణేమో.

పదో తరగతి ఫలితాలు పాడయిన ఏడాది, క్రాఫ్టు పీరియడ్లు లెక్కలకు ఇచ్చేద్దామన్నాడు హెడ్మాస్టరు. పిల్లల తండ్రులను పిలిచి అడుగుదామని పట్టుబట్టాను. వాళ్లు నా వైపే మాట్లాడతారని ధీమా.

ముందు ఊళ్లోని పెద్ద ఆసామి లేచాడు. "మా పోరడు వడ్లాయన అయితడా ఏంది? గా రంపం బంద్ పెట్టుండ్రి."

ఆ మాటకు నా దగ్గర జవాబు తయారుగానే ఉంది. అంతలో వెనక నుంచి ఒక వడ్రంగి లేచి దండం పెట్టాడు. నా క్లాసులో అందరికంటే మంచి పనివాడు ఆయన కొడుకే.

"సారూ, మావోనికి పుట్టంగనే ఉలి చేతికిచ్చినం. గదే పని బళ్లె గూడ ఎందుకు? జర లెక్కలు చెప్పుండ్రి. గీ కష్టం మాతోనే పోనియ్యుండ్రి."

మా బాపు నన్ను బడిలో వేసినప్పుడు అన్నదీ అదే.

షెడ్డుకు తాళం పడింది. అప్పటి నుంచి ఎవరు సెలవు పెడితే వాళ్ల క్లాసులో కూర్చుని "సప్పుడు చేయకుండ్రి" అనడమే నా ఉద్యోగం. రిజిస్టర్లో మాత్రం క్రాఫ్టు టీచరునే. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత అది కూడా అలసిపోయింది.

రిటైరయ్యే ముందు ఏడు, విరిగిన బెంచీలు బాగు చేయడానికి బజారు నుంచి వడ్రంగిని పిలిపించారు. స్టాఫ్‌రూములో ఒక క్రాఫ్టు టీచరు చాయ్ తాగుతున్నాడన్న సంగతి కొత్త హెడ్మాస్టరుకు తట్టనే లేదు. వచ్చినవాణ్ణి చూడగానే గుర్తుపట్టాను. ఆ మంచి పనివాడే. లెక్కల్లో తప్పి పదో తరగతి దాటలేదట.

"మళ్ల గిదే పనికొచ్చినవా బిడ్డా?"

"ఇంకోటి రాలే సారూ" అని నవ్వాడు.

బెంచీ రెండో కొస నేను పట్టుకున్నాను. ఎన్నో ఏళ్లకు టేకు పొట్టు వాసన తగిలి ప్రాణం లేచొచ్చింది. వాడు రంపం ఆపకుండానే మెల్లగా అన్నాడు.

"మా పోరడు గీ బళ్లెనే ఆరో తరగతి సారూ. నన్ను జూస్తే గీడికే ఉరుకొస్తడు. జర క్లాసులనే కూసోవెట్టుండ్రి."

బెల్లు కొట్టారు. ఆరో తరగతికి ఆ రోజు లెక్కల సారు రాలేదు. చేతులు దులుపుకుని పోయి, గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వాడి కొడుకు రంపం చప్పుడు వచ్చే కిటికీ వైపే చూస్తున్నాడు.