లారీ వెనక ఖాళీ

మైదుకూరులో లారీలకు బాడీలు కట్టే వీరభద్రకు పనితనం ఎంతో బింకమూ అంతే. చేతిలో పని ఉన్నన్నాళ్లూ ఆ బింకం చెల్లింది. ఫ్యాక్టరీలోనే బాడీలు బిగించిన బండ్లు రోడ్డెక్కాక అతని షెడ్డు ముందు కుక్కలు పడుకోవడం మొదలుపెట్టాయి.

మిగిలిన ఆశ లారీల ఓనరు శాంతయ్య ఒక్కడే. అతనికి కొత్త లారీలు వస్తున్నాయి. వాటి బాడీలు తన చేతికొస్తే షెడ్డు నిలుస్తుంది, లేకుంటే లేదు. అందుకే శాంతయ్య పాత మూతబండికి వీరభద్ర ఒక తోక కట్టాడు. పరుగెత్తే లారీ వెనక గాలి సుడి తిరిగి బండినే వెనక్కి గుంజుతుందనీ, ఆ గుంజుడుకే డీజిల్ తగలబడుతుందనీ అతను ఏనాడో పసిగట్టాడు. వెనక తలుపుల చుట్టూ పల్చటి రేకులు బయటికి పొడుచుకొచ్చేట్టు, కొసలు లోపలికి వాల్చి, మధ్యన బోలుగా బిగించాడు. గాలి వాటి వెంట జారి మెల్లగా కలిసిపోవాలి, అంతే.

ఖాళీ బండి ప్రొద్దుటూరు పోయి వచ్చింది. తలుపుల మీద ఎప్పుడూ అట్టకట్టే దుమ్ము ఈసారి వేలికి అంటీ అంటనట్టుంది. "డీజిల్ తక్కువే తాగిందన్నా," అని డ్రైవర్ ఈరేష్ కూడా చెప్పాడు.

శాంతయ్య రేకు మీద తట్టి చూశాడు. "గట్టిదేనా అప్పా? నడి రోడ్లో ఊడిపడితే నా మానం పోతాది."

పల్చటిది, గాలిని తప్ప దేన్నీ మోయదు అని చెబితే సరిపోయేది. కానీ బాడీలు కట్టేవాణ్ని పట్టుకుని గట్టిదేనా అంటే ఏ మగాడు ఊరుకుంటాడు!

"నేను కట్టింది ఊడుతాదా అన్నా? ఏనుగునెక్కించుకో!" అన్నాడు.

ఎక్కించారు. కడప మార్కెట్ యార్డుకు పసుపు లోడు చేసిన రోజు, తలుపులు మూశాక ఇంకా బస్తాలు మిగిలాయి. వెనక అంత చోటు ఉత్తగా ఉంది. చోటు కనబడితే వదిలేసే హమాలీ ఈ జిల్లాలో పుట్టలేదు. ఆ బోలులో బస్తాలు కుక్కి మోకుతో కట్టేశారు. ఖాజీపేట దాటగానే స్పీడ్‌బ్రేకర్ మీద తోకంతా పెళ్లగిల్లి రోడ్డున పడింది. వెనకే వచ్చిన బస్సు పసుపును తొక్కుకుంటూ పోయింది.

శాంతయ్య షెడ్డుకొచ్చాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఆడ బరువు పెట్టకూడదన్నా. ఆ ఖాళీనే పనిచేస్తాది," అన్నాడు వీరభద్ర.

"ఖాళీ పనిచేస్తాదా? ఏం మాటలప్పా ఇవి! ఏనుగునెక్కించుకోమంటివి, పసుపు బస్తాకే పాయె. కొత్త బండ్లు ఫ్యాక్టరీ బాడీలతోనే తెప్పిస్తాండా. ఏమనుకోవద్దు."

అతను పోయాక భార్య హనుమంతమ్మ అందుకుంది. "రేకు పల్చనిదని ఒక్క మాట చెప్పేదానికి నోట్లో ఏం పెట్టుకోని ఉంటివయ్యా?"

వీరభద్ర రేకులు కోసే కత్తెరను గుడ్డతో తుడిచాడు. తుడిచిందే తుడిచాడు. ఆమెకు ఇంకా తిట్టబుద్ధి కాలేదు.

"రేపు శివలీల వాళ్ల చేన్లో పసుపు తవ్వేది ఉండాది. నేను పోతాండా," అంది.

అతను తలెత్తకుండానే అడిగాడు.

"మనింట్లో పార ఉండాదా?"