బల్లగింజ

తినడానికి కూర్చున్న ప్రతిసారీ దాసన్న కుడిచేతి వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. బూడిదతో తోముకుని వచ్చినా సరే, చింతపండుతో రుద్దుకుని వచ్చినా సరే, ఒకసారి వాసన చూసి, మూతి ముడిచి, లేచిపోయి మళ్ళీ కడుక్కుని వచ్చేవాడు. ఈలోగా సంగటి చల్లారిపోయేది. భార్య విశ్వాసమ్మ కొత్తలో కోప్పడింది, తరువాత నవ్వింది, ఆఖరికి చెంబెడు నీళ్ళు కంచం పక్కనే పెట్టడం అలవాటు చేసుకుంది.

ఆ వాసన ఆమెకు తగిలేది కాదు. అతనికి మాత్రం తడిసి ముక్కిన గోనెసంచిలో తల దూర్చినట్టుండేది.

కుందేరు ఒడ్డున, నల్లరేగడి నేలలో, సర్కారువారు పరిశోధన కోసం పెట్టిన చేను ఒకటుండేది. దాసన్న అందులో మేస్త్రీ. కూలీలు అతన్ని చూసి బీడీలు దాచుకునేవారు, తలకు రుమాలు చుట్టుకునే హోదా అతనికుండేది. పని మాత్రం రోగాన్ని పెంచడం. జొన్నకు కాటుక తెగులు వస్తే కంకిలో గింజ ఉండాల్సిన చోట బూడిదరంగు తిత్తి పుడుతుంది. దూరానికి గింజలాగే కనిపిస్తుంది. వేళ్ళ మధ్య నలిపితే పగిలి మెత్తని నల్లపొడి రాలుతుంది. ఆ పొడిని దాసన్న పళ్ళెంలోకి దులిపి, జల్లెడ పట్టి, మంచి విత్తనాల మీద చల్లి, గుడ్డసంచిలో వేసి బాగా కుదిపేవాడు. ఆ విత్తనాలను ఒక మడిలో విత్తేవారు. పక్కమడిలో అలాంటివే మైలుతుత్తం కలిపిన నీళ్ళలో ముంచి, ఆరబెట్టి విత్తేవారు. కోతల నాటికి ఒక మడి తెల్లగా, ఒక మడి నల్లగా నిలబడేది. చూడవచ్చిన రైతులు తెల్లమడి దగ్గర తల ఊపేవారు, నల్లమడి దగ్గర ఉమ్మేసేవారు. దాసన్న రెండుచోట్లా చేతులు కట్టుకుని నిలబడేవాడు.

మందు పనిచేస్తుందని చూపాలంటే రోగం ఉండి తీరాలి. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసినంత మాత్రాన మళ్ళీ మళ్ళీ చేతులు కడుక్కోవడం మానలేదు. అతని తండ్రి చేలో నల్లకంకి కనబడితే, పొడి రాలకుండా దాని మీద పైగుడ్డ కప్పి, కోసి, దూరంగా తీసుకుపోయి కాల్చి వచ్చేవాడు.

“మీ నాయన కాల్చె, నువ్వు సాకుతాండావు,” అనేది పక్కింటి ముసలి రాహేలమ్మ. “బిడ్డను సాకినట్టు సాకుతాండావు గదరా. పేరు గూడా పెట్టినావా దానికి?”

“పెట్టినాలే అవ్వా. నీ పేరే.”

“నీ నోట్లో మన్నుబడ!” అని ఆమె బోసినోటితో నవ్వేది. దాసన్న కూడా నవ్వేవాడు. నవ్వి, పక్కకు తిరిగి ఉమ్మేవాడు.

ఒక ఏడు కోతలయ్యాక చేనుమీది అధికారికి కొత్త సందేహం వచ్చింది. ఆయన మద్రాసులో చదివి వచ్చిన మనిషి. చొక్కా ఎప్పుడూ మల్లెపువ్వులా ఉండేది, పొడిని తాకేది దాసన్న కనుక. సీసాలో పెట్టిన పొడి మళ్ళీ విత్తులదాకా చావదని ఆయనకు తెలుసు. రైతు ఇంట్లో, బూడిద కలిపి వేపాకు పరిచిన కుండలో కూడా చావకుండా ఉంటుందా అన్నది సందేహం. పొడి పట్టించిన విత్తనాల సంచి ఒకటి దాసన్న చేతికిచ్చాడు.

“మీరు మీ విత్తనాలు ఎలా దాచుకుంటారో అలాగే మీ ఇంట్లో దాచు. హింగారి విత్తులకు, వెనకవానలు పడ్డాక, తిరిగి పట్టుకురా.”

దాసన్న కాదనలేదు. ఇంటికి తెచ్చి, బూడిద కలిపి, కుండలో పోసి, అటకెక్కించాడు. “సర్కారు విత్తనాలు, చెయ్యి పెట్టొద్దు,” అని మాత్రం విశ్వాసమ్మతో అన్నాడు. రోగమని చెప్పలేదు. ఊరి బయట కాల్చిపారేయవలసినదాన్ని నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చానని భార్యతో చెప్పడానికి నోరు రాలేదు. ఆ వారమే అతన్ని రాయచోటి వైపు పల్లెలకు పంపారు, అక్కడి రైతులకు మైలుతుత్తం వాడకం చూపడానికి. ఎండలు ముదిరాక గానీ తిరిగి రాలేదు.

ఆ ఏడు వాన ఆలస్యంగా పడినా బాగా పడింది. నేల పదునెక్కింది. దాసన్నవాళ్ళ కొత్తపేటలో ప్రతి ఇంటిముందూ విత్తే గొర్రు బయటికొచ్చింది. సోమవారం విత్తనాలు వేయాలని పేటంతా అనుకున్నారు. అధికారి కుండ తెమ్మని కబురు పంపాడు. శనివారం పొద్దున దాసన్న అటక మీది కుండ దించి, మూకుడు తీసి, పిడికెడు గింజలు అరచేతిలో పోసుకుని బూడిద ఊదాడు. గింజ తెల్లగా నిగనిగలాడింది. వాసన చూశాడు. ఏ వాసనా లేదు.

“ఏమ్మే, ఇవి యాడివి?”

“కుండలోవి,” అంది విశ్వాసమ్మ పొయ్యి దగ్గర నుంచి తిరగకుండా.

“కుండలోవి గావు.”

ఆమె ఇటు తిరిగింది. “మన చేలోవి. ఆ సర్కారువి కోతపండగకు గుడికిచ్చినా. నువ్వేమో రాయచోటి కాడ ఉంటివి. మన జొన్న ఇంకా కళ్ళంలోనే ఉండె. అందరూ బుట్టలెత్తుకోని పోతాంటే నేను వట్టి చేతులూపుకుంటా పోవాల్నా? మనవి ఇంటికొచ్చినాక కుండ నింపిపెట్టినా గదా. సర్కారోళ్ళకు ఒక్క గింజ తక్కువ చెయ్యలే.”

“బల్ల మీద పెట్టినారా?”

“పెట్టకుండా? ప్రకాశం మామ తన చేత్తో పెట్టినాడు. సర్కారు విత్తనమని శానామంది ఎగబడినారు.”

కొత్తపేట అంతా క్రైస్తవులే. అక్కడ ఒక ఆచారం ఉండేది. కోతపండుగనాడు గుడిలో ప్రభువు బల్ల మీద పెట్టిన గింజలను ఆరాధన అయ్యాక వేలం పాడేవారు. పాడుకున్నవాళ్ళు వాటిని తామే ఉంచుకోకుండా ఇంటింటికీ పిడికెడు పంచేవారు. దాన్ని బల్లగింజ అనేవారు. బల్లగింజను వండుకోరు, అమ్ముకోరు. ఇంటి విత్తనాల కుండలో పోసి, చెయ్యి అడుగుదాకా దించి, ప్రార్థన చేస్తూ కలియదిప్పుతారు. ప్రతి గింజకూ దీవెన తగలాలని.

దాసన్న గుడ్డసంచిలో చేసే పనీ అదే.

అతను పెరట్లోకి పోయి గోడవారన కూర్చుని కక్కుకున్నాడు. విశ్వాసమ్మ నీళ్ళు తెచ్చింది. అప్పుడు చెప్పాడు. ఆమె చెంబు కింద పెట్టింది.

“పేటంతటికీనా?”

“పేటంతటికీ.”

“రోగమని ఆపొద్దే నాతో ఒక్క మాట అనింటే నీ నోరు పడిపోతాదా?”

దాసన్న నోరు పుక్కిలించి, రుమాలు చుట్టుకుని గుడివైపు నడిచాడు.

సంఘపెద్ద ప్రకాశం విశ్వాసమ్మకు మేనమామ. గుడి అరుగు మీద కూర్చుని గొర్రు పళ్ళకు పదును పెడుతున్నాడు. దాసన్న చెప్పిందంతా పని ఆపకుండానే విన్నాడు.

“బల్ల మీద పెట్టినదానికి తెగులంటావా అల్లుడా?”

“బల్లెక్కకముందే ఉండాది మామా.”

“నేను ప్రార్థన జేసినా దాని మీద. నా నోటితో.”

“నువ్వు జేస్తివి, అది వినలే.”

ప్రకాశం చేతిలోని ఆకురాయి పక్కన పెట్టాడు. “మెల్లగా మాట్లాడు. ఈ మాట పెద్దూరిదాకా పోతే ఏమైతాది? కిరస్తానపోళ్ళ దేవుడు బల్ల మీద కాటుక పంచినాడని నవ్వరా? రేపు మనం వాళ్ళ కళ్ళాల కాడికి ఏం మొగం పెట్టుకోని పోతాం?”

“నవ్వితే నవ్వనీ. తుత్తం నీళ్ళలో ముంచితే పోతాది. ఇంటింటి విత్తనం రేపు ముంచాల. నువ్వొక్క మాట చెప్పు చాలు.”

“బల్లగింజను విషంలో ముంచమని నేను చెప్పాల్నా? సంఘపెద్దనా నేను, సాయిబు అంగట్లో మందులమ్మేవోణ్ణా? పో. దేవుడు చూసుకుంటాడు.”

దాసన్న లేచాడు. అరుగు దిగబోతుంటే ప్రకాశం అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి పిలిచాడు.

“అల్లుడా, మా కుండ మటుకు శానా పెద్దది. మాయింటికి రొంత తుత్తం తెచ్చియ్యి. ఎవరికీ తెలీకుండా.”

పదును పెట్టిన గొర్రు పళ్ళ మీద ఈగలు వాలి ఉన్నాయి. దాసన్న వాటినే చూశాడు. మామ ముఖంలోకి చూడబుద్ధి కాలేదు. రోజూ నలిపే తిత్తి ఇంతకంటే శుభ్రమనిపించింది.

చేనుకు పోయి అధికారితో జరిగింది చెప్పాడు. ఆయన మొదట కోప్పడ్డాడు. ఆడవాళ్ళకు ఇలాంటివి అప్పగించకూడదన్నాడు. తరువాత కోపం మెల్లగా దిగిపోయింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“పేట అంతానా? ప్రతి ఇంట్లోనా? ఎవరూ మందు వాడలేదా?”

“వాడలేదయ్యా. రేపు ముంచుదామని తుత్తం అడగొస్తిని.”

“వద్దు వద్దు. అస్సలు ముంచవద్దు. పిడికెడు విత్తనం నుంచి పేట మొత్తానికి ఎలా పాకుతుందో కళ్ళారా చూడవచ్చు. ఇలాంటి అవకాశం కోరినా దొరకదు. మనం చేలో ఎన్ని మడులు వేస్తే ఇది తెలుస్తుంది చెప్పు?”

“అయ్యా, వాళ్ళు ఏడాదంతా తినేది అదే.”

“మొత్తం పోదోయ్. సగం పోతుందేమో. అంతకూ పోకపోవచ్చు.” అని నవ్వాడు. పళ్ళు కూడా తెల్లగా ఉన్నాయి. “ఎవరికీ చెప్పకు. వాళ్ళను విత్తనివ్వు. కోతలప్పుడు మనిద్దరం పోయి చూద్దాం. పై దొరలకు రాసేటప్పుడు నీ పేరు కూడా రాస్తాను.”

దాసన్న దండం పెట్టి బయటికొచ్చాడు. నాలుక మీద ఏదో పొడి పేరుకున్నట్టుంది. సామాన్ల గది మూయడం అతని పనే. ఆ సాయంత్రం మూసేముందు లోపలికి పోయి, మైలుతుత్తం మూట భుజాన వేసుకుని, కూలీలు చూస్తుండగానే రోడ్డెక్కాడు.

పేటకు చేరగానే ఇల్లిల్లూ తిరిగాడు. తెగులు సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు. విన్నవాళ్ళు విశ్వాసమ్మను తిట్టారు, అతన్ని తిట్టారు, సర్కారును తిట్టారు. విత్తనం ముంచుతారా అని అడిగితే మాత్రం అందరిదీ ఒకే జవాబు. పెద్ద ఏమన్నాడు? పెద్ద వద్దన్నాడని చెప్పాక తలుపులు దగ్గరకయ్యాయి.

రాహేలమ్మ ఒక్కతే అతన్ని కూర్చోబెట్టింది. “నాకుండేది దోసెడు చేను. అది నల్లబడితే అడుక్కోని తినాల. అయినా బల్లగింజను నేను ముందు ముంచితే ఈళ్ళు నన్ను బతకనిస్తారా? ప్రకాశం ముంచితే ముంచుతా. ఆయప్ప ముంచితే పేటంతా ముంచుతాది.”

“ఆయప్ప ముంచుతాడులే అవ్వా,” అన్నాడు దాసన్న.

“నీకెట్ల తెల్సు?”

దాసన్న అప్పటికే లేచి గడప దాటాడు. ఆ పూట సంగటి ముట్టలేదు.

మరునాడు ఆదివారం. తెల్లవారగానే దాసన్న గుడిముందర పెద్ద మట్టికాగు పెట్టి నీళ్ళు నింపాడు. తుత్తం గుడ్డలో కట్టి నీళ్ళలో వేలాడదీశాడు. నీళ్ళు నీలంగా తిరిగాయి. పక్కనే నీడలో చాపలు పరిచాడు. ఆరాధనకు వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, దూరంగా ఆగి చూశారు. ఎవరి చేతిలోనూ కుండ లేదు.

దాసన్న నేరుగా ప్రకాశం ఇంట్లోకి నడిచాడు. ప్రకాశం ఉతికిన పంచె కట్టుకుని, చంకలో బైబిలు పెట్టుకుని గడప దాటబోతున్నాడు.

“ఏందప్పా, ఇంట్లోకొస్తాండావు?”

“మీ ఇంటికి తుత్తం కావాలంటివి గదా మామా,” అన్నాడు దాసన్న, వీధి చివరిదాకా వినబడేట్టు. “తెచ్చినా.”

ప్రకాశం వెనక్కి తగ్గి గోడకు ఆనుకున్నాడు. దాసన్న నిచ్చెన వేసి, అటక మీది పెద్ద కుండ దించి, నెత్తికెత్తుకుని, వీధి మధ్యగా నడిచి గుడిముందరికి తెచ్చాడు. అందరూ చూస్తుండగా కాగులో కుమ్మరించాడు. కట్టెతో కలియబెట్టి, పైకి తేలిన తాలు తీసి పారేసి, మిగిలిన గింజలను బుట్టతో దేవి చాప మీద పరిచాడు. “ఇవి విత్తేదానికే. కోడికి గూడా ఎయ్యొద్దు,” అన్నాడు.

గుడిగంట మోగింది. దాసన్న లోపలికి పోలేదు. తడిచేతులతోనే రాహేలమ్మ ఇంటికి పోయి, ఆమె కుండ దించాడు.